వీధికి వీపు

నెలకొకసారి మీటర్లు చూడ్డానికి పోతాను.
రాళ్లవాగుపల్లెలో నూటపద్దెనిమిది సర్వీసులు.
నూటపదిహేడు వీధిలో నిలబడే చదివేయొచ్చు.
ఒక్క ఇంటికే
పేడదిబ్బ దాటి, గొడ్లపాక దాటి,
సర్కారు కంపకు చొక్కా అప్పగించి
చుట్టూ తిరిగి పోవాలి.

ఊళ్లో మొట్టమొదట లేచిన ఇల్లట అది.
ఊరికే వీపు పెట్టి కూర్చుంది
అలిగిన పెద్దకోడలిలా.

రెండు మూరల మందం రాతిగోడ,
సున్నం లేదు, బంకమట్టే.
పైన చౌడుమన్ను మిద్దె.
వీధి వైపు కిటికీ కాదు గదా
పిల్లి దూరే కంతైనా లేదు.

"పొగరబ్బా, ముందొచ్చినోడికి ఉండదా?" అంటాడు
టీ బంకు మాలకొండయ్య.
వాస్తు అంటాడు పంతులు.
అప్పులోళ్లకు దొరక్కుండా అంటాడు ఇంకొకడు,
వాడి బిల్లే మూడు నెలలు బాకీ.

పోయిన వేసవిలో కళ్లు తిరిగి
ఆ గుమ్మంలోనే కూలబడితే
చెంబుడు మజ్జిగ చేతికిచ్చి
దేరంగుల ఆదెమ్మ అంది:
"ఈది యాడిదయ్యా అప్పుడు?
ఈదే మా ఇంటెనకాల పుట్టింది."

ధాత కరువు.
ఎర్రోబన్న, ఒక గడ్డపార, ఒక సమ్మెట,
నెలలు నిండిన పెళ్లాం, మూడు గాడిదలు.
కనుమ దాటేసరికి గాడిదలు రెండు.
నడవలేని తల్లి కనుమకు ఆవలే ఆగిపోయింది.
"మీరు పదండి, నీళ్లు కనపడ్డ చోట ఆగండి,
అమ్మను ఎత్తుకుని నేనెనకే వస్తా"
అన్నాడంట అన్న.

వాగులో చెలమ తీస్తే రెండు దోసిళ్లు ఊరింది.
ఆగారు.

అందుకని గుమ్మం కనుమ వైపు.
గోడ నడుమెత్తు లేవకముందే
గుమ్మం పక్క రాయిలో దీపానికి గూడు తొలిచాడు.
గింజ లేని పూట కూడా
ఆముదం కాచి వెలిగించేదంట ఆమె,
ఒళ్లో పసిబిడ్డతో.

అన్న రాలేదు.

దీపం చూసి వచ్చింది వేరేవాళ్లు.
మందంతా చచ్చి, కర్ర మాత్రం మిగిలిన గొర్రెలకాపరి.
మగ్గం గుంట వదిలేసి వచ్చిన ఇద్దరు తోడల్లుళ్లు.
మొగుణ్ని దారిలో పూడ్చిపెట్టి
చేతులకింకా మన్నంటుకున్న మస్తానుబీ.
పేరు చెప్పని ముసలాయనొకడు.

అందర్నీ ఒకటే అడిగేవాడంట ఎర్రోబన్న:
"ముసలామెను ఈపున మోసుకుంటా
ఒక మనిషి కనపడ్డాడా దారిలో?"

లేదన్నవాళ్లకు అంబలి పోసి
ఇంటి వెనక చోటు చూపించేవాడు.
ముందు మాత్రం ఎవర్నీ గుంజ పాతనివ్వలేదు,
దారి కనపడాలని.

అట్లా ఒక్కొక్క 'లేదు' పక్కన ఇంకొక 'లేదు'
ఇల్లు కట్టుకుంటా పోతే
వీధి అయింది.

తర్వాత ఆ ఇల్లు చూడనిది లేదు.
ఒక మనవడు అందులో సారా దాచాడు.
కొన్నేళ్లు కంట్రోలు జొన్నలు మూటలు కట్టి పెట్టారు.
ఒక గాలివాన రాత్రి
ఊరు ఊరంతా లోపలే ముడుక్కుని పడుకుంది.
ఇద్దరన్నదమ్ములు పంచుకుంటా
నడిమింట్లో అడ్డగోడ లేపారు గానీ
గుమ్మాన్ని కోయడం చేతగాక వదిలేశారు.

కరెంటొచ్చినప్పుడు
మీటరు ఎక్కడ కొట్టాలమ్మా అంటే
ఆ గూటి పక్కనే చూపించిందట ఆదెమ్మ అత్త.
గూట్లో మసి మాత్రం గీకనియ్యలేదు.

ఈ నెల కొత్త ఉత్తర్వు:
మీటర్లన్నీ వీధి వైపే ఉండాలి.
"మార్చేది ఊరికేనమ్మా, పైసా అక్కర్లేదు" అన్నాను.
ఆదెమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది,
చదువు రాదు.
కనుమకేసి ఒకసారి చూసింది.
"మారిస్తే
ఇంక నువ్వు గూడా ఇటు రావు గదయ్యా."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.
నాలుగువేల రెండొందల పదకొండు, రాసుకున్నాను.
తిరిగొస్తుంటే కంప
ఈసారి రెండో చెయ్యి పట్టుకుంది.